బోడిలారీ కోడలు

అత్తగారికి ఏ సంగతైనా సగం తెలిస్తే, మిగతా సగం తెలిసేదాకా కాలు నిలవదు. పక్క వాటాలోకి కొత్త పరుపు వస్తే, వెళ్ళి చేత్తో నొక్కి చూసి గానీ ఊరుకోదు. కుళాయి బాగుచేసేవాడు వస్తే పీట వేసుకుని అతని పక్కనే కూర్చుంటుంది. ఆ మరను ఎటు తిప్పితే నీళ్ళు ఆగుతాయో అతను చెప్పేదాకా కదలదు. అలాంటి మనిషి ఇంట్లో, ఆమె కళ్ళెదుటే, కోడలు లారీ నడపడం మొదలుపెట్టింది. పైగా ఏమడిగినా ఒక్కటే జవాబు చెబుతోంది. ఇంతకంటే శిక్ష ఏముంటుంది?

ఆ రోజు పొద్దున కూడా అదే జరిగింది. వంటగది బల్ల మీద కోడలు అరచేయంత వెడల్పున్న పసుపుపచ్చ బెల్టును బిగువుగా చుట్ట చుడుతోంది. ఒక పాత బెల్టు ఇంటికి తెచ్చుకుని, తీరిక దొరికినప్పుడల్లా చుట్టడం, విప్పడం ఆమెకు అలవాటైంది. అత్తగారు గ్లాసులు తుడుస్తూ ఓరకంట చూస్తోంది.

"నీది పక్కలు లేని బండి కదా. అంతంత సామాను పడిపోకుండా ఎలా ఉంటుందే?"

"కట్టేస్తాం అత్తయ్యా."

"కట్టేస్తారని నాకూ తెలుసు, గాల్లో నిలబెట్టరు కదా! ఎలా కడతారూ అని."

"గట్టిగా కట్టేస్తాం."

బడికి సెలవు కావడంతో మనవరాలు కూడా అక్కడే ఉంది. ఇంట్లో దాన్ని ప్రశ్నలపుట్ట అంటారు. నాన్నమ్మ పోలికే.

"నాన్నమ్మా, గట్టిగా అంటే ఎంత గట్టిగా?"

"మీ అమ్మ నోరు కట్టేసుకున్నంత గట్టిగా," అంది అత్తగారు.

కోడలు నవ్వి ఊరుకుంది. ఇదివరకు మందుల కంపెనీలో చిన్న వ్యాను నడిపేది. ఆ తర్వాత పట్టుబట్టి పెద్ద లైసెన్సు సంపాదించి, ట్రక్కుల కంపెనీలో చేరింది. మూడువైపులా గోడలున్న మామూలు లారీ అయినా ఇంట్లో అంత గొడవ జరిగేది కాదేమో. ఈమెకిచ్చింది చక్రాల మీద పరిచిన పొడవాటి బల్లలాంటి బండి. దాని మీద ఇనుము, కలప, యంత్రాలు, ఏది పడితే అది పెట్టి కట్టి తీసుకుపోవాలి. అత్తగారు దానికి మొదటిరోజే బోడిలారీ అని పేరు పెట్టేసింది.

ఒక్కోసారి రాత్రిళ్ళు పొరుగూళ్ళలో ఉండిపోవలసి వస్తుంది. అప్పుడు పిల్లను చూసుకునేది అత్తగారే. అందుకే ఆమె మొదట్లోనే తెగేసి చెప్పింది. "నెల రోజులు చూస్తాను. ఆ తర్వాత నేను ఊఁ అంటే ఊఁ, ఊహూఁ అంటే ఊహూఁ." కోడలు సరేనంది. కంపెనీ కూడా ఈ నెలంతా ఆమెను పాత డ్రైవరు పక్కన కూర్చోబెట్టి పని నేర్పింది. ఆ నెల ఇవాళ్టితో పూర్తవుతుంది. ఇవాళే కోడలు మొదటిసారి ఒంటరిగా బండి తీస్తోంది. సాయంత్రం ఇంటికి వచ్చాక అత్తగారు తీర్పు చెప్పాలి.

"అమ్మా, ఇవాళ మన వీధి మీదుగా వెళతావా?" అని అడిగింది పిల్ల.

"పెద్దరోడ్డు మీదుగా. ఈతకొలను పక్కన వెడల్పాటి జాగా ఉంది చూడు, అక్కడ కాసేపు ఆగి బండి చూసుకుని పోతాను." ఆ మాట యథాలాపంగా అనేసి, బూట్ల తాళ్ళు బిగించుకుని వెళ్ళిపోయింది.

కొడుకు కళ్ళజోళ్ళ కొట్టులో అద్దాలు అరగదీసే పని చేస్తాడు. గట్టిగా మాట్లాడితే అద్దం పగులుతుందేమో అన్నట్టుంటుంది అతని గొంతు. బయల్దేరబోతూ తల్లి దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, సాయంత్రం చెప్పేయ్. నీ వల్ల కాదని చెప్పు."

"నా వల్ల కాదని నేనెప్పుడన్నానురా?"

"అనవా మరి? ఈ వయసులో నీకెందుకీ బాధ! నేను చెబితే గొడవవుతుంది. నువ్వు చెబితే వింటుంది."

నిజానికి అత్తగారు ఇంకా ఏదీ తేల్చుకోలేదు. ఊఁ అందామంటే కోడలి మీద కోపం, ఊహూఁ అందామంటే ఆ లారీ సంగతి ఇంకేమీ తెలియకుండానే ముగిసిపోతుందన్న దిగులు.

కొడుకు అటు వెళ్ళగానే ఆమెకో ఆలోచన వచ్చింది. డబ్బాలో కాస్త తినడానికి సర్ది, పిల్ల చేయి పట్టుకుని బయల్దేరింది.

"ఎక్కడికి నాన్నమ్మా?"

"మీ అమ్మ బోడిలారీని చూడ్డానికి. మనల్ని చూస్తే మీ అమ్మ మొహం ఎలా వెలిగిపోతుందో చూద్దువుగాని."

ఈతకొలను ప్రహరీగోడ నీడలో ఇద్దరూ నిలబడ్డారు. చాలాసేపటికి పెద్దరోడ్డు మలుపులో ముందు చప్పుడు వినిపించింది, ఆ తర్వాత లారీ కనిపించింది. అత్తగారు నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ఇంత పొడుగుంటుందని ఆమె అనుకోలేదు. ముందుభాగం తమ ముందునుంచి దాటిపోయినా, వెనకభాగం ఇంకా వస్తూనే ఉంది. దాని మీద మనిషి దూరిపోయేంత లావు ఇనుప గొట్టాలు దొంతరగా ఉన్నాయి. వాటి మీదుగా పసుపుపచ్చ బెల్టులు ఈ అంచు నుంచి ఆ అంచుకు బిగించి ఉన్నాయి. పక్కలు లేవు, పైకప్పు లేదు. ఇంత ఇనుమునీ పట్టుకుని ఉన్నది ఆ గుడ్డబెల్టులేనా?

కోడలు బండి ఆపి, తలుపు తీసుకుని కిందికి దూకింది. చేతులకు తొడుగులు, తలకు గట్టిటోపీ ఉన్నాయి. ఇంట్లో మెత్తగా నడిచే మనిషి ఇక్కడ అడుగులు వేరేగా వేస్తోంది. ఒక్కో బెల్టు దగ్గరా ఆగి, దాన్ని వేలితో మీటి, తల పక్కకు వంచి వింటోంది. తంబూరా సరిచేసుకుంటోందా ఏమిటి అనుకుంది అత్తగారు. ఇంకో విచిత్రం కూడా ఆమె కళ్ళబడింది. ఒక్కో బెల్టు మధ్యలో ఒక్కో మెలిక ఉంది. "ఇంత శ్రద్ధ ఉన్నది మెలికలు చూసుకోలేదే!" అని గొణుక్కుంది.

కోడలు ఒకచోట ఆగింది. అక్కడి బెల్టును రెండుసార్లు మీటింది. బండి పక్కనుంచి పొడవాటి ఇనుపకడ్డీ తీసి, బల్ల అంచు కింద బెల్టు చుట్టుకునే చక్రంలో దోపి, బరువంతా వేసి కిందికి నొక్కసాగింది.

సరిగ్గా అప్పుడే పిల్ల నాన్నమ్మ చేయి విడిపించుకుంది.

"అమ్మా!" అంటూ పరుగెత్తింది.

కోడలు తల తిప్పి చూసింది. చేతులు కడ్డీ మీదే ఉన్నాయి. "ఆగు! అక్కడే ఆగు! ఒక్కడుగు కూడా వేయకు!" అని అరిచింది.

ఆ గొంతు ఇంట్లో ఎవరూ ఎన్నడూ విన్నది కాదు. పిల్ల ఎక్కడిదక్కడ రాయైపోయింది. ఆ వెంటనే బావురుమంది. అత్తగారు పరుగున వెళ్ళి దాన్ని ఎత్తుకుంది. ఆమె వెనుదిరిగి గోడ దగ్గరికి వెళ్ళేదాకా కోడలు చూసింది. ఆ తర్వాత మళ్ళీ కడ్డీ మీదికి వంగింది. బెల్టు బిగించి, మీటి చూసి, మిగతావన్నీ చుట్టివచ్చింది. చివరికి తొడుగులు ఊడదీస్తూ వాళ్ళవైపు నాలుగడుగులు వేసింది గానీ, అదే జాగా కోసం వెనక కాచుకున్న బస్సువాడు హారను మీదినుంచి చేయి తీయడం లేదు.

"సాయంత్రం మాట్లాడుకుందాం అత్తయ్యా," అని మాత్రం అని బండెక్కింది.

అత్తగారికి తల కొట్టేసినట్టయింది. తెచ్చిన డబ్బా తెచ్చినట్టే చేతిలో ఉండిపోయింది. "కన్నబిడ్డను కుక్కపిల్లను అదిలించినట్టు అదిలిస్తుందా? నన్ను మనిషిలాగైనా చూడలేదు. ఇనుప గొట్టాలకున్న విలువ మాకు లేదన్నమాట!" ఇంటికి వెళ్ళేదాకా అదే మాట అనుకుంది. ఇక తీర్పు గురించి ఆలోచించేందుకేమీ లేదని కూడా అనుకుంది.

అనుకుంది గానీ, మనసు ఊరుకుంటేనా! పిల్లను నిద్రపుచ్చాక దండెం మీద బట్టలు తీస్తూ, ఆ దండెం తీగను వేలితో మీటింది. డొబ్బుమంది. కొక్కేనికి ఇంకో చుట్టు చుట్టి మళ్ళీ మీటింది. ఈసారి కింగుమంది. "ఓహో, దీనికోసమా చెవి పెట్టింది!" అనుకుంది. అది సరే, పొద్దున కంపెనీ యార్డులో కట్టి తెచ్చింది కదా? కంపెనీలో పాత డ్రైవరు నెలరోజులు నేర్పాడు కదా? మరి ఇంత దూరం కూడా రాకముందే అది ఎందుకు వదులైంది? కోడలికి కట్టడం రాలేదా? రాకపోతే వాళ్ళు బండి ఎందుకిస్తారు? సాయంత్రం దాకా ఆ ప్రశ్న పంటిలో ఇరుక్కున్న పీచులా వేధిస్తూనే ఉంది.

దీపాలు పెట్టే వేళకు కోడలు వచ్చింది. అరచేతులు కందిపోయి ఉన్నాయి. కొడుకు అప్పటికే కూర్చుని ఉన్నాడు. పిల్ల అమ్మ దగ్గరికి పోకుండా నాన్నమ్మ వెనక్కి చేరింది. కోడలు అది చూసింది, చూడనట్టు నీళ్ళు తాగింది.

"అమ్మ పొద్దుటి సంగతంతా చెప్పింది," అన్నాడు కొడుకు. "పిల్ల మధ్యాహ్నం అన్నం కూడా తినలేదట. చాల్లే ఇక. అమ్మ తన వల్ల కాదంటోంది."

"అత్తయ్య అంటే వింటాను. మీరెందుకు చెబుతున్నారు?"

"ఎవరు చెబితే ఏం? రేపటినుంచి పిల్లను చూడలేనంటోంది. అవునా అమ్మా?"

అందరూ అత్తగారి వైపు చూశారు. ఆమె గొంతు సవరించుకుంది.

"అవును. నేను చూడను. డబ్బా కట్టుకుని, ఎండలో నిలబడి చూద్దామని వస్తే వీధిలో వాళ్ళముందు కసిరింది. నెలరోజులుగా అడుగుతున్నాను, ఒక్క మాట చెప్పదు. కట్టేస్తామట! నేనేమైనా గోడనా? నేనూ మనిషిని కాబట్టే కదా అడిగేది!"

కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "సరే అత్తయ్యా. మాటంటే మాటే. రేపు వెళ్ళి బండి తాళాలిచ్చేస్తాను."

అని లేచి లోపలికి వెళ్ళబోయింది. గొడవ ముగిసినట్టే. కానీ అత్తగారి ప్రాణం గిలగిల్లాడింది. తాళాలిచ్చేస్తే ఇంకెవర్ని అడుగుతుంది?

"ఉండవే! మానేస్తే మానేశావు గానీ, ఒక్కటి చెప్పి మానేయ్. పొద్దున కట్టిన బెల్టు మధ్యదారిలో మళ్ళీ ఎందుకు బిగించావు? నీకు కట్టడం రాదా?"

కొడుకు తల పట్టుకున్నాడు. "అమ్మా, ఇప్పుడా!"

కోడలు గుమ్మంలో ఆగిపోయింది. ఏడుపులోంచే ఆమెకు నవ్వొచ్చింది. కొంగు దొరక్క చేతి వెనకభాగంతో కళ్ళు తుడుచుకుని, వంటగదిలోకి వెళ్ళి గ్యాస్ సిలిండరు కిందపెట్టే చక్రాల పలక బయటికి లాగింది. "ఇదీ బోడిలారీయే అత్తయ్యా," అంది. దాని మీద అప్పడాల కర్ర, రోకలి, విరిగిపోయిన చీపురు కర్ర, ఇంట్లో ఉన్న గుండ్రటివన్నీ దొంతరగా పెట్టింది. "మీ బెల్టివ్వండి," అని మొగుడి వైపు చేయి చాచింది.

"ఏ బెల్టు?"

"నడుముది."

అతను ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని రెండో చేత్తో బెల్టు ఇవ్వడం చూసి పిల్ల కిసుక్కున నవ్వింది. పొద్దుటినుంచి అదే మొదటి నవ్వు. కోడలు ఆ కర్రలను బెల్టుతో పలకకు బిగించి కట్టింది.

"మీటండి అత్తయ్యా."

అత్తగారు వంగి మీటింది. కింగుమంది.

"ఇప్పుడు లాగండి. గడప దాటించి వరండా చివరిదాకా వెళ్ళి రండి."

అత్తగారు పలకకు ఒక తాడు తగిలించి లాగింది. పిల్ల పక్కన నడుస్తూ నోటితో హారను మోగించింది. గడప దగ్గర పలక దబ్బున పడింది, గచ్చు మీద గడగడలాడింది. తిరిగి వచ్చాక ఆమె అడక్కుండానే వంగి మీటింది. డొబ్బుమంది. వేలు పెడితే బెల్టు కింద దూరేంత వదులు.

"అరె! నేను ముట్టుకోనైనా లేదే!"

"ఎవరూ ముట్టుకోలేదు అత్తయ్యా. నేనూ సరిగ్గానే కట్టాను. బండి కదిలాక సరుకు సర్దుకుంటుంది. ఒకదాని సందులోకి ఒకటి జారుతుంది. అది సర్దుకునేసరికి బెల్టు వదులవుతుంది. అందులో ఎవరి తప్పూ ఉండదు. అందుకే కాస్త దూరం పోయాక ఆగి చూసుకోవాలి. ఆగకుండా పోయినవాడిదే తప్పు. మాకు నేర్పిన పెద్దాయన మొదటిరోజే చెప్పాడు, కట్టడం రానివాడి సరుకు యార్డులోనే పడుతుంది, ఆగడం రానివాడిది రోడ్డు మీద పడుతుంది అని."

"మరి ఆ మెలికలు?"

"కావాలనే పెడతాం. తిన్నగా ఉంటే గాలికి కొట్టుకుని అరిగిపోతుంది."

"నా మీద ఎందుకు అరిచావు?" అంది పిల్ల చిన్నగా. అసలు ప్రశ్న అదే.

కోడలు దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "ఆ కడ్డీ పట్టు జారిందంటే వెనక్కి తంతుంది తల్లీ. నా పక్కన నువ్వుంటే..." దాని రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు పరుగెత్తుకొస్తున్నప్పుడు నా బరువంతా ఆ కడ్డీ మీదే ఉంది. చేతులు వదిలేసి నిన్ను ఎత్తుకోడానికీ లేదు. అరవడం తప్ప ఏం చేయను?"

పిల్ల వచ్చి ఆమె మెడ పట్టుకుంది. కోడలు దాని జుట్టులో మొహం దాచుకుని ఏడ్చింది.

"ఇదంతా ముందే చెప్పొచ్చు కదే!" అంది అత్తగారు. ఆమె గొంతులో కోపం సగం దిగిపోయింది.

"ఎలా చెప్పను అత్తయ్యా? కడ్డీ తంతుందని చెబితే మీరు పంపుతారా? కట్టేస్తాం అంటే సరిపోతుందని... నాకే భయంగా ఉండేది. చెబితే నా భయం బయటపడుతుందని నోరు కట్టేసుకున్నాను."

కొడుకు ప్యాంటు పట్టుకునే లేచాడు. "చూశావా అమ్మా, ప్రమాదమని తనే ఒప్పుకుంటోంది! నాకు మాత్రం ఉండదా భయం? కొట్టు ముందునుంచి పెద్ద లారీ పోయిన ప్రతిసారీ నా చేతిలో అద్దం ఆగిపోతోంది."

"ఆ మాట నీ పెళ్ళానికి చెప్పాలిరా!" అంది అత్తగారు. "నా భుజం మీద తుపాకీ పెట్టి కాలుస్తావేం? నా వల్ల కాదని పొద్దున నేనన్నానా, నువ్వన్నావా?"

కొడుకు తల దించుకున్నాడు. భార్య వైపు చూసి, "నాకు భయంగా ఉంటుంది. అంతే," అన్నాడు. నెలరోజుల్లో అతను చెప్పిన నిజమైన మాట అదొక్కటే. కోడలు తలూపింది.

అత్తగారు మాత్రం వాళ్ళను చూడటం లేదు. పలక ముందు కూర్చుని ఆ వదులు బెల్టును మళ్ళీ మళ్ళీ మీటుతోంది. మీటుతూనే నెమ్మదిగా అంది.

"పిల్ల పుట్టినప్పుడు నాలుగు రోజులుండి వెళదామని వచ్చాను. ఉండిపోయాను. మీరు ఉండమన్నారు, నాకూ బాగానే ఉంది. వెనక గదిలో మంచం వేశారు, అలమర ఇచ్చారు. ఏ లోటూ లేదు. మీరు సరిగ్గానే కట్టారు. కానీ ఆ తర్వాత ఇన్నేళ్ళలో, అమ్మా ఎలా ఉన్నావు అని ఎవరైనా ఆగి అడిగారా? అందరికీ తొందరే. నేనడిగిన దానికి కూడా జవాబు లేదు. నేను ఆ గొట్టాల సంగతి తెలుసుకుందామనే అడిగాను. అబద్ధం కాదు. కానీ నాతో ఎవరైనా కాసేపు మాట్లాడతారని కూడా అడిగానే."

కొడుకు వచ్చి తల్లి పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆమె చేతిలోంచి బెల్టు తీసుకోబోయాడు గానీ ఆమె ఇవ్వలేదు. కోడలు అత్తగారి మరోపక్క కూర్చుని, "మేమే ఆగలేదు అత్తయ్యా," అంది.

అత్తగారు ముక్కు చీదుకుని, బెల్టు విప్పి, మళ్ళీ తనే కర్రల మీదుగా వేసి లాగి కట్టింది. మధ్యలో ఒక మెలిక పెట్టింది. మీటి చూసుకుంది.

"రేపు తాళాలిచ్చే పనేమీ పెట్టుకోకు. పిల్లను నేను చూస్తాను," అంది. "వీడి ప్యాంటు జారకముందే ఎవరైనా వీడికో తాడివ్వండి."

కొన్నాళ్ళకు బోడిలారీ మళ్ళీ పెద్దరోడ్డు మీదుగా వచ్చింది. ఈసారి దాని మీద కలప దొంతరలున్నాయి. గోడ నీడలో నాన్నమ్మా మనవరాలూ నిలబడి ఉన్నారు. పిల్ల సుద్దముక్కతో నేల మీద గీత గీసుకుని, దాని వెనకే కాళ్ళు కలిపి నిలబడింది. కోడలు దిగి వాళ్ళవైపు చూడకుండా బండి చుట్టూ తిరిగింది. ప్రతి బెల్టునీ మీటింది, ఒకటి బిగించింది, కడ్డీ దాని చోట పెట్టేసింది. "ఇప్పుడు!" అని నాన్నమ్మ అనగానే పిల్ల బాణంలా దూసుకుపోయి తల్లిని చుట్టేసుకుంది.

కోడలు పిల్లను చంకనేసుకుని గోడ దగ్గరికి వచ్చింది. తొడుగులు తీసి, అత్తగారి భుజం మీద జారిన శాలువాను పైకి లాగి సర్దింది. వెనకెక్కడో ఎవరో హారను కొడుతున్నారు. ఆమె తల తిప్పలేదు.

"ఎలా ఉన్నారు అత్తయ్యా?"

అడగాలనుకున్న ప్రశ్నలు అత్తగారి దగ్గర బోలెడున్నాయి. ఆ కలప ఎక్కడిది, తడిస్తే బరువు పెరుగుతుందా, చలికాలంలో బెల్టు బిగుసుకుంటుందా అని. ఒక్కటీ నోటికి రాలేదు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"కాస్త వదులయ్యానే," అంది. "పడిపోయేంత కాదులే."